సెకండ్ హ్యాండ్ స్కోడా ఆక్టేవియా: 1.8 టీఎస్‌ఐ తీసుకోవాలా, ఆర్‌ఎస్ 230 తీసుకోవాలా?

నమస్తే అండీ. 80 వేల కిలోమీటర్లు దాటిన ఈ రెండు పెట్రోల్ ఆటోమేటిక్ కార్లలో (ఆర్‌ఎస్ అంటే పవర్ ఎక్కువున్న స్పోర్టీ రకం) ఒకటి కొనాలి. రోజూ హైదరాబాద్ ట్రాఫిక్‌లో నడుస్తుంది.

1.8కి 180 పీఎస్ పవర్, 250 ఎన్‌ఎమ్ టార్క్ (తిప్పే బలం). గేర్‌బాక్స్ డీక్యూ200, ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్. ఆ గేర్‌బాక్స్ తట్టుకునే టార్క్ పరిమితి కూడా 250 ఎన్‌ఎమ్మే, కాబట్టి రీమ్యాప్ (సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) చేయించిన బండి నాకు వద్దు. పాకుతూ సాగే ట్రాఫిక్‌లో ఈ క్లచ్ వేడెక్కి అదురుతుంది, మెకట్రానిక్ (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్) పోతే ఖర్చు భారీ. ఆర్‌ఎస్‌లో 350 ఎన్‌ఎమ్, గేర్‌బాక్స్ డీక్యూ250, ఆయిల్‌లో మునిగి ఉండే వెట్ క్లచ్. 60 వేల కిలోమీటర్లకోసారి గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ మార్చిన బిల్లు లేకపోతే ఎంత మెరిసినా నమ్మను.

తెలిసినవాళ్లు ఇవి చెప్పండి:

డీక్యూ200 క్లచ్ ఎంత అరిగిందో స్కానర్‌లో ఏ రీడింగ్‌లు చూసి తేల్చుకుంటారు? రెండిట్లోనూ ప్లాస్టిక్ థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర కూలెంట్ కారుతుంది కదా, దాన్ని కప్పేసే ఇన్‌టేక్ (ఇంజిన్‌కి గాలి వెళ్లే భాగం) విప్పకుండా ఆ కూలెంట్ గులాబీ మరకలు కనిపెట్టడం ఎలా? పాత ఆడీ ఏ3 1.8లోనూ ఇదే ఇంజిన్, ఇదే గేర్‌బాక్స్. దాని మెకట్రానిక్ 1.8 ఆక్టేవియాకి బిగిస్తే కోడింగ్ (ఆ కారుకి తగ్గట్టు సాఫ్ట్‌వేర్ సెట్ చేయడం) ఒక్కటే సరిపోతుందా, బేసిక్ సెట్టింగ్ (క్లచ్, గేర్ల స్థానాలు మళ్లీ నేర్పించడం) కూడా చేయాలా?

నా మొగ్గు ఆర్‌ఎస్ వైపే. కానీ దాని విడిభాగాలు ఎన్నాళ్లకు దొరుకుతున్నాయో వాడుతున్నవాళ్లు చెబితే అడ్వాన్స్ ఇస్తాను.