లైపోసోమ్‌లో కర్క్యుమిన్ వెలుగుకు వెలిసిపోతోంది: కారణం వేడా, పొరా?

తిరుపతిలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. డీపీపీసీ అనే కొవ్వు పదార్థంతో చేసిన లైపోసోమ్‌లలో (పొర ఉన్న అతిసూక్ష్మ బుడగలు) కర్క్యుమిన్ (పసుపులోని రంగు పదార్థం), పీహెచ్ 7.4 బఫర్, 100 నానోమీటర్ల ఫిల్టర్‌తో ఎక్స్‌ట్రూజన్ (ఫిల్టర్ గుండా నెట్టి బుడగలను దాదాపు ఒకే సైజుకు తేవడం). 425 నానోమీటర్ల వెలుగు పడితే ఫ్లోరోసెన్స్ (కర్క్యుమిన్ తిరిగి వెదజల్లే కాంతి) 25 డిగ్రీల దగ్గర నెమ్మదిగా తగ్గుతోంది. 45 దగ్గర మాత్రం చాలా వేగంగా పడిపోతోంది, క్యూవెట్‌లో (శాంపిల్ పోసే పారదర్శక పాత్ర) పసుపు రంగు కళ్లముందే వెలిసిపోతోంది.

ఫాయిల్ చుట్టి చీకట్లో ఉంచిన శాంపిల్ రెండుచోట్లా దాదాపు అలాగే ఉంది. అంటే కర్క్యుమిన్ పొరలోంచి నీళ్లలోకి జారిపోవడం కాదనుకుంటున్నాను. పడే వెలుగు తగ్గడానికి స్లిట్ తగ్గించాను, ఆక్సిజన్ పోవడానికి నైట్రోజన్ పంపాను. వేగం తగ్గింది గానీ తేడా పోలేదు. డీపీపీసీ పొర 41 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఇక్కడి ఎండలకు ఏసీ లేని గదే ఆ దరిదాపులకు వస్తుంది, అందుకే ఇంత టెన్షన్.

24 డిగ్రీలకే మెత్తబడే ఇలాంటి మరో కొవ్వు డీఎంపీసీని, డీపీపీసీని రెండింటినీ 30 దగ్గరే పోల్చితే వేడి ప్రభావం, పొర ప్రభావం విడివిడిగా తేలతాయా?