పెంచలకోన బండ కింద గుడ్లు బంగారు బల్లివేనా?

పెంచలకోన జలపాతం దారిలో ఒక పెద్ద బండ అడుగున, చెయ్యి దూరని సందులో, తెల్లటి గుండ్రటి గుడ్లు గుంపుగా రాతికి అతుక్కుని కనిపించాయి. కొన్నిటిలోంచి పిల్లలు బయటికి వెళ్లిపోయినట్టున్నాయి, పెంకు అంచులే మిగిలాయి. శేషాచలం కొండల్లోని బంగారు బల్లులు ఇలాగే, చాలా ఆడబల్లులు కలిసి ఒకేచోట గుడ్లు పెడతాయని చదివాను. పెంచలకోన ఉన్న వెలికొండలు ఆ పక్కవేగా, మన నెల్లూరు వైపు కూడా ఎవరైనా చూశారా?

పగలు ఒక్క బల్లీ బయటికి రాలేదు. రాత్రి తిరిగేవి, వస్తాయనుకోవడం నా అత్యాశే! బంగారు రంగు మగవాటికే బాగా ఉంటుందట. మరి గోధుమ రంగు ఆడబల్లి కనిపిస్తే మామూలు కొండబల్లి కాదని ఎలా గుర్తుపట్టాలి? వేళ్ల కింద మెత్తలు చూస్తే చాలా? అభయారణ్యం కాబట్టి దేన్నీ ముట్టుకోలేదు, ఫోటోలు ఉన్నాయి. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.