కారు డోర్ బీడింగ్ మార్పించుకున్నవారి అనుభవాలు కావాలి

సాగరతీరం, విశాఖపట్నం
నా కారు 2011 నాటిది. మొన్నటి వానలకు ఎడమవైపు ముందు సీటు కింద కార్పెట్ తడిసి, రెండు రోజులకే లోపలంతా ముక్కిన వాసన పట్టింది. ఆ వైపు తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ పైమూల దగ్గర అణగిపోయింది. వేలితో నొక్కితే తిరిగి లేవడం లేదు. హైవే మీద ఈల వేసినట్టు గాలి చప్పుడు కూడా వస్తోంది. నాలుగు తలుపులకూ కంపెనీ బీడింగే వేయించాలా, మీటర్ల లెక్కన అమ్మేది సరిపోతుందా, అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

కృష్ణాతీరం, విజయవాడ
కొనే ముందు నీరు బీడింగ్ దగ్గరే దిగుతోందా అన్నది తేల్చుకోండి. నేను ఆ పని చేయకుండా రెండు తలుపులకు కొత్త బీడింగ్ వేయించాను, తడి మాత్రం ఆగలేదు. చివరికి డోర్ ప్యాడ్ (తలుపు లోపలివైపు ఉండే అట్ట) విప్పి చూస్తే, లోపల అంటించి ఉండే ప్లాస్టిక్ షీటు కింది మూల ఊడిపోయి కనిపించింది. అద్దం మీదుగా తలుపులోకి వాననీరు దిగడం సహజమే, అది తలుపు కింది అంచులోని రంధ్రాల గుండా బయటికి పోవాలి. అవి మట్టితో పూడుకుపోతే నీరు లోపల నిలిచి, షీటు ఊడిన చోటు నుంచి కార్పెట్ మీదికి కారుతుంది. చీపురుపుల్లతో ఆ రంధ్రాలు పొడిచినప్పుడు నా కారు తలుపులోంచి గ్లాసెడు బురదనీరు దిగింది.

పట్టు చూడడానికి తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి, మెల్లగా లాగండి. బిగువుగా వస్తే సరే, జారి వచ్చేస్తే అక్కడ బీడింగ్ పనిచేయడం లేదన్నమాట. ఇలా జానెడు దూరానికి ఒకసారి చుట్టూ చూడాలి. తర్వాత ఒకరు టార్చితో లోపల కూర్చుంటే, మరొకరు పైపుతో సన్నని ధార కింది నుంచి మొదలుపెట్టి పైకి పోనివ్వాలి. పైనుంచి పోస్తే నీరు అంతటా జారి, అసలు చోటు తెలియదు.

పాతబండి, హైదరాబాద్
వాన లేని రోజున కూడా తడి ఉంటే ఏసీ నీటి గొట్టం మూసుకుపోయిందేమో చూడండి.

మీటర్ల బీడింగ్ విషయానికి వస్తే, పాత ముక్క కోసి పట్టుకెళ్లకుండా కంటి అంచనాతో కొని నేను నష్టపోయాను. బీడింగ్‌కు ఉండే బోలు రబ్బరు గొట్టం లావు ఎక్కువ కావడంతో తలుపు బాదితే తప్ప పడేది కాదు. రెండోసారి పాత ముక్క పక్కన పెట్టి, గొట్టం లావూ రేకును పట్టుకునే గాడి వెడల్పూ సరిచూసుకుని తెచ్చాను. బిగించేటప్పుడు సాగదీయకూడదు. సాగదీసిన రబ్బరు కొన్నాళ్లకు వెనక్కి ముడుచుకుని మూలల్లో సందు వదులుతుంది. అతుకు కింది గడప మధ్యలోకి రావాలి. రెండు కొసలూ ఒకదానినొకటి నెట్టుకునేలా కాస్త పొడుగ్గానే కోయండి.

ఉప్పుగాలి, కాకినాడ
మన తీరప్రాంతం వారు ఒకటి గుర్తుంచుకోవాలి. పాత బీడింగ్ లాగగానే కొత్తది తొడగవద్దు. నాకు బీడింగ్ తొడిగే రేకు అంచు మీద తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. ఎమరీ కాగితంతో గీకి, ప్రైమరూ రంగూ వేసి, పూర్తిగా ఆరిన తరువాతే బిగించాను. రబ్బరుకు గ్రీజు, ఇంజిన్ ఆయిల్ పూస్తే ఉబ్బి మెత్తబడుతుంది కాబట్టి సిలికాన్ స్ప్రే మాత్రమే వాడండి.

సాగరతీరం, విశాఖపట్నం
అందరికీ ధన్యవాదాలు. ఎడమ ముందు తలుపు పైమూలలో నోటు అడ్డు లేకుండా జారింది, ధార పట్టినప్పుడు నీరు కూడా అక్కడే దిగింది. దాని వెనుక తలుపుకూ ఒక చోట పట్టు లేదు. ఆ రెండింటికే కంపెనీ బీడింగ్ తెప్పించి, పైమూలల దగ్గర మొదలుపెట్టి, అరచేతితో తట్టుకుంటూ నేనే బిగించాను. మొదటి వారం తలుపు కాస్త గట్టిగా వేయాల్సి వచ్చింది, ఇప్పుడు మామూలుగా పడుతోంది. నిన్న రాత్రంతా కురిసినా కార్పెట్ పొడిగానే ఉంది. కుడివైపు తలుపులకు నోటు ఇంకా బిగువుగానే వస్తోంది కాబట్టి వాటిని ముట్టుకోలేదు.