సెంటర్‌లోని ప్యాడ్లన్నిటికీ ఒకే డెడ్‌జోన్ పెట్టొచ్చా?

టవర్‌క్లాక్_ఏటీపీ:
అనంతపురంలో మాది గేమింగ్ సెంటర్. ఎనిమిది పీసీలు, అన్నిటికీ ఎక్స్‌బాక్స్ ప్యాడ్లే. కొన్నిట్లో డ్రిఫ్ట్ (స్టిక్ ముట్టకున్నా గేమ్‌లో దానంతటదే కదలడం) మొదలైంది. స్టీమ్‌లో అన్నిటికీ 20 శాతం డెడ్‌జోన్ పెట్టేద్దామని ఉంది, అంటే నడిమధ్య నుంచి స్టిక్ అంతలోపు కదిలితే లెక్కలోకి రాదు. ఎక్కువేం కాదు. మైక్రోసాఫ్టే ఎక్స్‌ఇన్‌పుట్‌లో (విండోస్ గేములు ప్యాడ్‌ను చదివే పద్ధతి) ఎడమ స్టిక్‌కు 7849, కుడి స్టిక్‌కు 8689 ఇచ్చింది. స్టిక్ చివరిదాకా నూకితే వచ్చే 32767లో అది దాదాపు 24, 26.5 శాతం.

కొండారెడ్డి_బురుజు:
ఆ అంకెలు పట్టుకోవద్దన్నా. అవి ఎక్స్‌బాక్స్ 360 కాలంలో గేమ్ రాసేవాళ్ల కోసం ఇచ్చినవి. ఎక్స్‌ఇన్‌పుట్ తనంతట తాను వాటిని అమలు చేయదు, గేమే చేసుకోవాల. చాలా గేముల్లో లోపల ఒక డెడ్‌జోన్ ఉండనే ఉంటుంది. దానిమీద నువ్వు ఇంకో 20 వేస్తే రెండూ కలిసి, స్టిక్ మూడో వంతు నూకినా గురి కదలకపోవచ్చు.

ఏ ప్యాడ్‌కాప్యాడ్ కొలిచి పెట్టు. బ్రౌజర్‌లో గేమ్‌ప్యాడ్ టెస్టర్ (స్టిక్ ఎక్కడుందో నడుమ 0, చివర 1గా చూపే పేజీ) తెరిచి, స్టిక్‌ను నాలుగు వైపులా చివరిదాకా నూకి టక్కున వదులు. ఒక్కో వైపు పదిసార్లు. స్ప్రింగ్ ప్రతిసారీ ఒకేచోటికి తేదు. పైనుంచి వదిలితే 0.03 దగ్గర, ఎడమ నుంచి వదిలితే 0.07 దగ్గర ఆగొచ్చు. వచ్చినవాటిలో పెద్దది తీసుకొని 0.02 కలుపు. 0.07 వస్తే 9 శాతం చాలు.

కడప_ఏడురోడ్లు:
శాతం తర్వాత. ఆకారం ఏం పెట్టినావు? క్రాస్ రకమైతే (అడ్డం, నిలువు విడివిడిగా కోసేది) 10 శాతానికే గురి ఐమూలగా పోకుండా అడ్డానికో నిలువుకో అతుక్కుంటుంది. గుండ్రటిదే పెట్టాల.

టవర్‌క్లాక్_ఏటీపీ:
గుండ్రటిదే ఉందప్పా. ఎనిమిది ప్యాడ్లకు ఎనిమిది అంకెలు పెడితే, ఈరోజు మూడో సీట్లో ఆడినోడు రేపు ఆరో సీట్లో కూర్చుని గురి తేడాగా ఉందంటాడు. అందరికీ ఒకటే ఉండడం న్యాయం.

కడప_ఏడురోడ్లు:
గుండ్రటిదైతే సరిపోదు, స్కేలింగ్ (డెడ్‌జోన్ దాటాక విలువను మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టడం) ఉందా? లేకపోతే 20 దాటగానే విలువ సున్నా నుంచి ఒకేసారి 0.20కి ఎగురుతుంది. స్నైపర్‌తో మెల్లగా జరపడం కుదరనే కుదరదు.

నంద్యాల_రోడ్డు:
ఫుట్‌బాల్ ఆడేటోళ్లకు 20 ఉన్నా తెలీదు. షూటర్లకే ఈ బాధంతా.

కొండారెడ్డి_బురుజు:
టవర్‌క్లాక్ అన్నా, డ్రిఫ్ట్ వచ్చిన ప్యాడ్‌ను మెల్లగా నూకి చూసినావా? 0.38, 0.39, 0.40 అని అంకె వరసగా పోవాల. 0.38 నుంచి 0.51కి ఎగిరి మళ్లా 0.42కి పడితే పొటెన్షియోమీటర్‌లో (స్టిక్ ఎంత కదిలిందో కొలిచే భాగం) కార్బన్ పట్టీ అరిగినట్టే. నడిమధ్య పడే తప్పునే డెడ్‌జోన్ దాస్తుంది. 0.40 దగ్గర ఎగిరేదాన్ని అదేం చేయలేదు.

టవర్‌క్లాక్_ఏటీపీ:
ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే రెండు ప్యాడ్లు బాగైనాయి కదా.

కొండారెడ్డి_బురుజు:
మన పక్క దుమ్ముకు తుడవడం మంచిదే. దుమ్ము పోతుంది గానీ అరిగిన కార్బన్ తిరిగి రాదు. కొన్నాళ్లకు మళ్లీ మొదలు.

సప్తగిరి_సర్కిల్:
అసలు సంగతి ఎవరూ అడగరేంది? ఒక సెంటర్‌లో డ్రిఫ్ట్ ఉందని చెప్పినందుకు "నువ్వే గట్టిగా నూకినావు" అని నాతోనే ప్యాడ్ డబ్బు కట్టించుకున్నారు. ఆ ప్యాడ్‌కు ముందే 25 పెట్టి దాచిపెట్టింటిరి. 20 పెట్టేది న్యాయం కోసం కాదు, మాడ్యూల్ (స్టిక్, దాన్ని కొలిచే భాగాలు కలిసిన ముక్క) మార్చే ఖర్చు తప్పించుకోవడానికి!

టవర్‌క్లాక్_ఏటీపీ:
ఎవరో చేసినదానికి నన్ను దొంగను చేయొద్దు. ఒక్కో మాడ్యూల్‌కు 14 చోట్ల సోల్డర్ తీయాల. ఎనిమిది ప్యాడ్లు, పదహారు స్టిక్కులు. గంట అద్దెలోంచి అది ఎట్ల వస్తుంది? ఆడి అరగదీసినోళ్లు కొంత మోయరా?

కొండారెడ్డి_బురుజు:
నేలకేసి కొట్టి విరిగితే వాళ్లది. ఆడితే కార్బన్ అరగడం వాడకం, అద్దె తీసుకునేది దానికే. ఈ మాట మీద నేను తగ్గను.

14 పిన్నులకూ ముందు కొత్త 60/40 (తగరం, సీసం) సోల్డర్ కొంచెం కలుపు, పాతది తొందరగా కరుగుతుంది. బాడీ కాళ్లు నాలుగూ బోర్డు గ్రౌండ్‌కు అంటి ఉంటాయి కాబట్టి వేడి ఎక్కువ కావాల. అన్నీ వదులయ్యేదాకా లాగొద్దు, లాగితే బోర్డు మీది రాగి లేచొస్తుంది. వేసేటప్పుడు ఆ మోడల్‌కు సరిపోయే హాల్ ఎఫెక్ట్ మాడ్యూల్ వెయ్. అయస్కాంతంతో కొలుస్తుంది, అరిగే పట్టీ ఉండదు.

టవర్‌క్లాక్_ఏటీపీ:
రెండు ప్యాడ్లకు వేసి చూస్తా. మిగతావి కొలిచి, 15 దాటినవి పక్కన పెడతా. ఖర్చు మొత్తం ఓనరే మోయాలంటే మాత్రం ఒప్పుకోను.

సప్తగిరి_సర్కిల్:
అయితే ప్యాడ్ ఇచ్చే ముందు టెస్టర్ స్క్రీన్ కస్టమర్‌కు చూపించు. ఎంత అరిగినదాన్ని ఇస్తాండావో తెలిస్తే తర్వాత ఎవురి మీదా వెయ్యలేవు.

కడప_ఏడురోడ్లు:
హాల్ వేసినా సెంటర్ సరిగ్గా సున్నాకు రాకపోవచ్చు. మళ్లీ కొలిచి కొత్త అంకె పెట్టు, పాత 20 వదిలేయొద్దు. స్కేలింగ్ ఉందో లేదో ఇంకా చెప్పలేదు నువ్వు.