ఎలక్ట్రిక్ వీల్‌చైర్‌కు లిథియం బ్యాటరీ పెట్టించవచ్చా? వరంగల్‌లో తెలిసిన మెకానిక్ ఉన్నారా?

మాది హన్మకొండ. మా అక్కకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఎలక్ట్రిక్ వీల్‌చైర్ కొన్నాకే ఒక్కతే బజారుకు వెళ్లి, కూరగాయలు తానే బేరమాడి తెచ్చుకుంటోంది. ఇప్పుడు భద్రకాళి చెరువు కట్ట వైపు ఎత్తు ఎక్కుతుంటే చార్జింగ్ ఇండికేటర్ ఒక్కసారిగా ఎరుపుకు పడిపోయి, చదును మీదికి రాగానే మళ్లీ లేస్తోంది. రోడ్డు మధ్యలో ఆగిపోతుందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్.

అందులో 12 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు, సిరీస్‌లో కలిపి 24 వోల్టులు. ఇన్వర్టర్ బ్యాటరీల షాపతను ఒకటే పోయింది, అదొక్కటే మారుస్తానంటున్నాడు. పాతదానికి జతగా కొత్తది పెడితే అదీ తొందరగా దెబ్బతింటుంది కాబట్టి ఆ పని చేయించను. రెండూ కొత్తవి వేయించాలా, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం లిథియం బ్యాటరీకి మారాలా? మారితే చార్జర్ కూడా మార్చాలి, సరే. నా భయం వేరే. బ్యాటరీ బరువు తగ్గితే ఎత్తు మీద బండి తూలుతుందా? మోటార్లు ఎక్కువ కరెంటు లాగితే బీఎంఎస్ (లిథియం బ్యాటరీని కాపాడే సర్క్యూట్) కట్ చేసి మధ్యలో ఆపేస్తుందా? ఎన్ని ఆంపియర్లు తట్టుకునేది అడగాలి?

మార్చి వాడినవాళ్లు దయచేసి చెప్పండి. వరంగల్, కాజీపేట, కరీంనగర్‌లలో కంట్రోలర్, మోటార్ బ్రేకుల పని తెలిసినవాళ్లుంటే ఇంకా మేలు. హైదరాబాద్‌కు పంపితే బండి తిరిగొచ్చేదాకా అక్క గడప దాటలేదు.