బెజవాడలో నాలుగంకెల ఫోన్ నంబర్లు ఎప్పుడు వచ్చాయి?

వన్ టౌన్‌లో తాతగారి పూలకొట్టు, తర్వాత నాన్న మంగళగిరి వైపు వేసిన పాలీహౌస్ (ప్లాస్టిక్ కప్పు కింద మొక్కలు పెంచే షెడ్డు), ఈ రెండింటి చరిత్ర రాస్తున్నాను. కొట్టు పెట్టిన ఏడాదే తేలడం లేదు. ప్రకాశం బ్యారేజీ కడుతున్నప్పుడని నాయనమ్మ అంటుంది, అంటే 1957 లోపు. బాబాయి మాత్రం 1962 తర్వాతే అంటాడు (ఆయనకు పెళ్లి దండల బాకీలు తప్ప ఏవీ గుర్తుండవు లెండి). లైసెన్సు కాగితాలు 1983 నుంచే దొరికాయి, పాత పద్దు పుస్తకాలు చెదలపాలు. బంధువుల పాత శుభలేఖలు కూడా తిరగేశాను, లాభం లేదు.

మిగిలింది తేదీ లేని ఒక్క బిల్లు. ధరల గడి పైన 'న.పై.' అని అచ్చు ఉంది. నయాపైసలన్న పేరు 1957 ఏప్రిల్ నుంచి 1964 మే దాకానే నడిచింది కాబట్టి బిల్లు దాదాపు ఆ మధ్యదే. కింద నాలుగంకెల ఫోన్ నంబరుంది. బెజవాడలో మూడంకెల నంబర్లు పోయి నాలుగంకెలవి ఏ ఏడాది వచ్చాయో ఎవరికైనా తెలుసా?