ఎండ పడే చోట ఎపాక్సీ నిలుస్తుందా?

మేడతోట:
మా డాబా మీద, రోజంతా ఎండ పడే చోట వేసుకోవడానికి చింతచెక్కతో బల్ల చేయిస్తున్నాము. చెక్కలోని పగుళ్లను రంగులేని ఎపాక్సీతో (రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలను కలిపితే గట్టిపడే ప్లాస్టిక్‌తో) నింపి, పైన కూడా దానినే మందంగా పోస్తానని మేస్త్రీ అంటున్నారు. డబ్బా మీద ‘యూవీ రెసిస్టెంట్’ (అతినీలలోహిత కిరణాలను తట్టుకునేది) అని ఉంది కాబట్టి ఎండకు భయపడనక్కరలేదని అమ్మినవారు చెప్పారు. ఎపాక్సీ అసలు ఎండకు పనికిరాదని తెలిసినవారు మరొకరు అన్నారు. ఓడలకూ వంతెనలకూ వాడే పదార్థం ఒక బల్ల మీద నిలవదంటే నమ్మబుద్ధి కావడం లేదు. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా వివరించగలరని మనవి.

జింకుప్రైమరు:
పనికిరాదన్నవారి మాటే సరైనది. బజారులో దొరికే ఎపాక్సీ రెజిన్లలో అత్యధికం బిస్ఫినాల్-ఎ అనే రసాయనం నుంచి తయారైనవి. ఆ అణువులోని బెంజీను వలయాలే (ఆరు కార్బన్ పరమాణువుల ఉంగరాలే) దానికి గట్టితనాన్నీ, రసాయనాలను తట్టుకునే గుణాన్నీ ఇస్తాయి. ఎండలో దానికి చేటు తెచ్చేవి కూడా అవే. నేలను చేరే సూర్యకాంతిలో అతినీలలోహిత కిరణాలు దాదాపు 295 నానోమీటర్ల దగ్గర మొదలవుతాయి, ఈ వలయాలు 300 నానోమీటర్ల చుట్టుపక్కల కిరణాలను పీల్చుకుంటాయి. ఆ శక్తికి బంధాలు తెగి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, పసుపురంగునిచ్చే కొత్త సమ్మేళనాలు ఏర్పడతాయి. హార్డెనర్‌లోని అమైన్లు (నత్రజని ఉన్న సమ్మేళనాలు) కూడా ఈ పసుపును పెంచుతాయి. మొదట మెరుపు తగ్గుతుంది, తరువాత రంగు మారుతుంది, చివరికి వేలితో రాస్తే సుద్దలాంటి పొడి అంటుకుంటుంది. ఓడ అడుగుభాగానికీ, లోపలి నీటి ట్యాంకులకూ ఎపాక్సీ వేసే మాట నిజమే, కాని అక్కడికి ఎండ చేరదు కదా.

నారపొర:
జింకుప్రైమరు గారు చెప్పిన రసాయనంతో పేచీ లేదు, ఆయన ఇచ్చిన తీర్పుతోనే ఉంది. పసుపెక్కడం వేరు, బలం పోవడం వేరు. ఎండ దెబ్బ ముందుగా తగిలేది పైపొరకే. దానికి అడ్డు ఉన్నంతకాలం లోపలి పదార్థం తన పని తాను చేస్తూనే ఉంటుంది. బోయింగ్ 787 విమానపు దేహం, గాలిమరల పొడవాటి రెక్కలు ఎపాక్సీతో బిగిసిన నారలే, అవి బతికేది ఎండలోనే. వాటి మీద రంగు ఉంటుంది, అంతే తేడా.

ఎపాక్సీని అంత తేలికగా తోసిపుచ్చకూడదనడానికి మరొక కారణం కూడా ఉంది. రెజిన్‌లోని ఎపాక్సైడ్ వలయం అమైన్ తగిలి తెరుచుకునేటప్పుడు నీరు గాని మరే ఆవిరి గాని ఉపఉత్పత్తిగా బయటకు రాదు, గట్టిపడేటప్పుడు కుంచించుకుపోవడం కూడా పాలిస్టరు రెజిన్‌తో పోలిస్తే తక్కువ. ఆ చర్యలో పుట్టే హైడ్రాక్సిల్ సమూహాల వల్ల ఇనుమునూ, కాంక్రీటునూ, చెక్కనూ గట్టిగా పట్టుకుంటుంది. ఆరల్డైట్ రెండు ట్యూబుల జిగురు ఇంటింటికీ చేరింది ఈ గుణం వల్లనే. (మన తీరంలోని ఫైబరు పడవలను చూపి ఎపాక్సీ ఎండకు ఆగుతుందని వాదించేవారు కూడా కనిపిస్తారు, అవి ఎక్కువగా పాలిస్టరుతో చేసినవి, ఈ వాదనకు సాక్ష్యం కావు.) పైగా ఎపాక్సీలన్నీ ఒకటి కావు. బెంజీను వలయాలు లేని సైక్లోఅలిఫాటిక్ ఎపాక్సీతో పోతపోసిన ఇన్సులేటర్లు ఆరుబయట విద్యుత్ కేంద్రాల్లో దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి.

జింకుప్రైమరు:
ఆ ఇన్సులేటర్లలో సిలికా పొడి దండిగా కలుపుతారు, ఓవెన్‌లో వేడిచేసి గట్టిపరుస్తారు. మేస్త్రీ చేతిలోని రెండు డబ్బాలకు ఆ పోలిక వర్తించదు. వంతెనల సంగతి మరింత స్పష్టం: తుప్పు నివారణకు వాడే సాధారణ పద్ధతిలో ముందు జింకు కలిసిన ఎపాక్సీ ప్రైమరు, దానిపై మందపాటి ఎపాక్సీ, చివరన 50 నుంచి 80 మైక్రోన్ల అలిఫాటిక్ పాలీయూరిథేన్ (బెంజీను వలయాలు లేని, ఎండకు ఆగే ప్లాస్టిక్ పూత) వేస్తారు. ఆ చివరి పూతలోని రంగుపొడి వెలుతురును అడ్డుకుంటుంది కనుకనే కింది ఎపాక్సీ క్షేమంగా ఉంటుంది.

రంగులేని పూతకు ఆ రక్షణ లేదు. వెలుతురు ఎపాక్సీని దాటుకుని నేరుగా చెక్కను చేరుతుంది, చెక్కలోని నారలను కలిపి ఉంచే లిగ్నిన్‌ను విరగగొడుతుంది. పైన ఎపాక్సీ పొర చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది, కింద మాత్రం చెక్క దానిని వదిలేస్తుంది. పూతకింద అక్కడక్కడ తెల్లని మరకలు మొదలై, అంచుల నుంచి వాననీరు దూరి, ఒక మూల గోటితో ఎత్తితే పెచ్చులా లేచి వచ్చే బల్లలు నేను చూసినవే. ఆ పెచ్చు అడుగున బూడిదరంగు చెక్కనార అంటుకుని ఉంటుంది. పాడయినది జిగురు కాదు, జిగురు పట్టుకున్న చెక్క.

కొలిమిసెగ:
ఇద్దరూ కిరణాల గురించే మాట్లాడుతున్నారు, మన ప్రాంతంలో వేడి కూడా అంతే ముఖ్యమని నా అభిప్రాయం. గది ఉష్ణోగ్రతలో గట్టిపడే ఎపాక్సీలలో చాలావాటికి మెత్తబడే స్థానం 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంటుంది. రామగుండం, కొత్తగూడెం వైపు మే నెలలో నీడలోనే 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి, ఎండలోని ముదురురంగు చెక్క 60 డిగ్రీలు దాటడం వింత కాదు. అప్పుడు బల్ల మీద వేడి గిన్నె పెట్టనవసరం లేదు, పూలకుండీ బరువుకే గుంత పడుతుంది. పోసిన తరువాత కొన్ని గంటలు వేడిలో ఉంచి గట్టిపరిస్తే ఆ స్థానం కొంత పెరుగుతుంది, కాని ఇంటి దగ్గర పనిచేసే మేస్త్రీకి అది సాధ్యమయ్యే పని కాదు.

మేడతోట:
మరి డబ్బా మీద రాసిన మాటకు అర్థమేమిటి? బల్లను లోపల కిటికీ పక్కన వేసుకుంటే సరిపోతుందా?

నారపొర:
అలాంటి రెజిన్‌లో కిరణాలను పీల్చుకునే పదార్థాలనూ, తెగిన బంధాల అల్లరిని ఆపే హిండర్డ్ అమైన్లనూ కలుపుతారు. పీల్చుకునేవి పనిచేస్తూ పనిచేస్తూ తామే ఖర్చయిపోతాయి. కాబట్టి ఆ మాట పసుపును వాయిదా వేస్తుందనే హామీ మాత్రమే. ఎన్నాళ్ల వాయిదానో, ఏ పరీక్షలో తేలిందో డబ్బా మీద రాయకుండా అమ్మడం సరికాదు. కిటికీ అద్దం పొట్టి కిరణాలను చాలావరకు ఆపుతుంది, పొడవైన అతినీలలోహిత కిరణాలను లోపలికి వదులుతుంది. అందువల్ల లోపల కూడా పసుపు వస్తుంది, బాగా నెమ్మదిగా వస్తుంది.

డాబా మీదనే కావాలంటే నా సలహా ఇది. పగుళ్లను నల్లరంగు కలిపిన ఎపాక్సీతో నింపించండి, పసుపు కనబడదు, కిరణాలు లోతుకు దిగవు. పైన మందంగా పోయడం మానండి. గట్టిపడ్డాక నూనెలా తగిలే అమైన్ జిడ్డును నీళ్లతో కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది, కిరణాలను అడ్డుకునే అలిఫాటిక్ పాలీయూరిథేన్ వార్నిషు వేయించండి. మెరుపు తగ్గడం మొదలవగానే దానిని మళ్లీ వేయించుకోవాలి.

జింకుప్రైమరు:
పగుళ్లకు నల్ల ఎపాక్సీ అంటే ఒప్పుకుంటాను. ‘మళ్లీ వేయించుకోవాలి’ అన్న దగ్గరే నాకు అభ్యంతరం: పూత ఇంకా బాగున్నప్పుడే దానిని రుద్ది కొత్తది వేయించే ఇల్లు అరుదు, పెచ్చులు లేచాక కొత్త వార్నిషు పాత పూతను నిలబెట్టలేదు. ఆ ఓపిక లేనివారు చెక్కను ఒట్టిగా వదిలి, ఏటా వానలకు ముందు నూనె పట్టించడమే మేలు.

మేడతోట:
పగుళ్లకు నల్ల ఎపాక్సీ, పైన నూనె అని మేస్త్రీకి చెప్పాను. కొన్న రంగులేని డబ్బాలు లోపలి గదిలోని అర (షెల్ఫు) కోసం వాడుకుంటాము.